పరాయి దేశంలో జబ్బు చేస్తే ముందు ఏ గుమ్మం తొక్కాలి?

విశాఖలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ నేర్పక్కర్లేదు. జ్వరం, దగ్గు అయితే వీధి చివర క్లినిక్. అక్కడ తగ్గకపోతే మహారాణిపేట. సాయంత్రం ఆరు దాటాక కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) చుట్టుపక్కల సందుల్లో నడిస్తే గేటుకో డాక్టరు బోర్డు, పక్కనే ల్యాబు, దాని పక్కన మందుల షాపు, బయట కుర్చీల్లో టోకెన్ పట్టుకుని కూర్చున్న జనం కనిపిస్తారు. గుండె అంటే రామ్‌నగర్ అనో, ఆరిలోవ హెల్త్ సిటీ అనో అంటాం. కన్ను అంటే హనుమంతవాక, కేన్సర్ అంటే అగనంపూడి. పురుడంటే పాతవాళ్ళ నోట ఇప్పటికీ ఘోషాసుపత్రే. ప్రమాదం జరిగినా, పాము కరిచినా, చేతిలో డబ్బు లేకపోయినా ఇచ్ఛాపురం నుంచి పాడేరు దాకా అందరికీ దిక్కు పెద్దాసుపత్రి. ఆ కేజీహెచ్ 1923 నుంచి అక్కడే ఉంది కాబట్టి ఈ దారులు మూడు నాలుగు తరాలుగా పెద్దల నోటి నుంచి పిల్లల చెవికి అందుతూ వస్తున్నాయి.

దానికి తోడు మన దగ్గర ఇంకో ఆయుధం ఉంది. "తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్న ఒక్క ప్రశ్న. ఫోన్ తిప్పితే ఎవరో ఒకరి తోడల్లుడు ల్యాబులో ఉంటాడు, ఎవరో ఒకరి మేనకోడలు స్టాఫ్ నర్సుగా ఉంటుంది. పది నిమిషాల్లో ఫలానా డాక్టరు, ఫలానా టైము అని తేలిపోతుంది.

ఉద్యోగం కోసం విమానం ఎక్కిన రోజున ఈ రెండూ ఇక్కడే ఉండిపోతాయి. అలవాటు మాత్రం మనతో వస్తుంది. "ఇక్కడ మంచి హాస్పిటల్ ఏది?" అని అడుగుతాం. ఆ ప్రశ్న తప్పు కాదు గానీ, చాలా దేశాల్లో అది మొదట అడగాల్సింది కాదు. అక్కడ ముందు అడగాల్సింది, నాలాంటి వీసా, నాలాంటి కార్డు ఉన్న మనిషి మొదట ఏ గుమ్మం తొక్కాలి అని. అది తెలిసిన తర్వాతే డాక్టరు మంచివాడా కాదా అన్న మాట. ఈ తేడా నాకు షార్జాలో ఉంటూ దుబాయ్‌లో పనిచేసిన ఏడేళ్ళలో కొంత అర్థమైంది. మిగతాది మా అక్క కొడుకు ఫోన్‌తో అర్థమైంది.

వాడు జర్మనీలో ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు. ఆదివారం, ఇక్కడ రాత్రి ఒంటిగంటన్నర, అక్కడ తొమ్మిది. "మావయ్యా, మధ్యాహ్నం నుంచి కడుపులో కుడివైపు పీకేస్తోంది. ఏ హాస్పిటల్‌కి వెళ్ళమంటావు?" అన్నాడు. నేను ఎంవీపీ కాలనీలో మంచం మీద కూర్చుని వాడికేం చెప్పగలను? వాడి దగ్గర డబ్బుంది, బీమా కార్డుంది, ఇంగ్లీషుంది. లేనిదల్లా ఏ నంబరు నొక్కాలన్న సంగతే. చివరికి పక్క ఫ్లాటావిడ చెప్పిందట, డాక్టర్లు లేని వేళల్లో 116117 కి చేయాలి, ప్రాణం మీదికొస్తే 112 కి చేయాలి అని. అపెండిసైటిస్. తెల్లారేసరికి ఆపరేషన్ అయిపోయింది. మూడు రోజులున్నందుకు రోజుకి 10 యూరోల లెక్కన 30 యూరోలు మాత్రమే కట్టాడు. కానీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎక్కడికి వెళ్ళాలో తెలియక నొప్పి భరిస్తూ కూర్చున్న ఆ గంటలు తలుచుకుంటే మా అక్కకి ఇప్పటికీ గుండె దడే.

అందుకే ఈ వ్యాసం. వెళ్ళబోతున్నవాళ్ళు, వెళ్ళి కొత్తగా కుదురుకుంటున్నవాళ్ళు, ఇక్కడ కూర్చుని బెంగపెట్టుకునే అమ్మానాన్నలు అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఒక్కో దేశానికి ఒక్కో గుమ్మం

కొన్ని దేశాల్లో మొదటి గుమ్మం ఫ్యామిలీ డాక్టరు. బ్రిటన్‌లో ఆయన్ని జీపీ అంటారు. మోకాలు నొప్పయినా, చర్మం మీద మచ్చయినా ముందు జీపీ చూడాలి. స్పెషలిస్టు దగ్గరకు పంపాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. మనం ఇక్కడ చేసినట్టు నేరుగా పెద్ద ఆర్థోపెడిక్ సర్జన్ ఓపీలో టోకెన్ తీసుకోవడం అక్కడి ప్రభుత్వ వ్యవస్థలో కుదరదు. వీసాకి దరఖాస్తు చేసినప్పుడే పనికి వెళ్ళేవాళ్ళు ఆరోగ్య సర్‌చార్జి కింద ఏడాదికి 1,035 పౌండ్లు కట్టేస్తారు. నర్సుల్లాంటి వైద్య సిబ్బందికిచ్చే హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద వెళ్ళేవాళ్ళకు ఆ రుసుము లేదు. అంత డబ్బు కట్టి కూడా చాలామంది జబ్బు చేసేదాకా జీపీ దగ్గర పేరు నమోదు చేసుకోరు. అద్దె ఇంటి కాగితాలు చేతికి రాలేదని ఆగిపోతారు. నిజానికి జీపీ దగ్గర నమోదుకి చిరునామా రుజువు తప్పనిసరి కాదు. ఇల్లు మారిన వారంలోనే ఈ పని చేసేయవచ్చు. సందేహం ఉంటే 111, ప్రాణాపాయమైతే 999.

జర్మనీలోనూ దారి ఇంచుమించు ఇదే. హౌస్‌ఆర్ట్‌స్ట్ అని ఇంటి డాక్టరు ఉంటాడు. చట్టం మరీ బిగించి పెట్టకపోయినా, ఆయన రాసిచ్చే చీటీ ఉంటే స్పెషలిస్టు దగ్గర పని సులువవుతుంది. జపాన్‌లో ఇంకోలా ఉంటుంది. అక్కడ బీమా ఉన్నవాళ్ళు ఖర్చులో 30 శాతం భరిస్తే చాలు. కానీ చిన్న క్లినిక్ నుంచి పరిచయ లేఖ తీసుకోకుండా పెద్ద ఆసుపత్రికి నేరుగా వెళ్తే, 2022 అక్టోబరు నుంచి మొదటిసారికి కనీసం 7,000 యెన్లు అదనంగా తీసుకుంటున్నారు. ఆ డబ్బు బీమాలోకి రాదు. పెద్ద ఆసుపత్రి పెద్ద జబ్బులకు మిగలాలని వాళ్ళ ఆలోచన. మన కేజీహెచ్ ఓపీలో తలనొప్పి మాత్ర కోసం వచ్చినవాళ్ళూ, స్కానింగ్ కోసం వచ్చినవాళ్ళూ ఒకే వరసలో నిలబడటం చూసినవాళ్ళకి ఆ ఆలోచనలో న్యాయం కనబడుతుంది.

ఇంకొన్ని దేశాల్లో మొదటి గుమ్మం కంపెనీ. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద, మధ్యస్థాయి నైపుణ్యం ఉన్నవాళ్ళకిచ్చే ఎస్ పాస్ మీద పనిచేసేవాళ్ళకి యజమాని తప్పకుండా వైద్య బీమా తీసుకోవాలి. 2023 జూలై 1 నుంచి అది ఏడాదికి కనీసం 60,000 సింగపూర్ డాలర్లు ఉండాలన్నారు. అంతకుముందు 15,000 ఉండేది. ప్రభుత్వ ఆసుపత్రే కదా అని వెళ్తే అక్కడి పౌరులకిచ్చే సబ్సిడీ బయటివాళ్ళకి ఉండదు, పూర్తి ధర పడుతుంది. డార్మిటరీల్లో ఉండేవాళ్ళకి వలస కార్మికుల కోసమే పెట్టిన వైద్య కేంద్రాలున్నాయి. తన కంపెనీ తనను ఏ కేంద్రానికి పంపిస్తుందో చేరిన రోజే సూపర్‌వైజర్ని అడిగి తెలుసుకోవాలి. అంబులెన్సుకి 995, ప్రాణాపాయం లేనప్పుడు 1777.

మన ఉత్తరాంధ్ర నుంచి ఎక్కువమంది వెళ్ళేది మాత్రం గల్ఫ్‌కి. అక్కడి లెక్క కొంచెం వివరంగా చూడాలి.

ఒకే కార్డు, రెండు జాబితాలు

గాజువాక, పెదగంట్యాడ వైపు ఏ వీధిలో అడిగినా గల్ఫ్ వెళ్ళొచ్చిన వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో కనిపిస్తాడు. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు చుట్టూ పెరిగిన పనితనం అది. వాళ్ళలో చాలామంది "మాకు ఇన్సూరెన్స్ ఉందండి" అంటారు. ఆ ఇన్సూరెన్స్ ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో మాత్రం చెప్పలేరు. నేనూ మొదట్లో అంతే.

నేను చేరిన రెండో నెలలో వెన్ను పట్టేసింది. మా ఇంటికి ఐదు నిమిషాల దూరంలో పెద్ద హాస్పిటల్ ఉంది. కార్డు మీద ఉన్న బీమా కంపెనీ పేరే ఆ హాస్పిటల్ గోడ మీదా ఉంది. ధీమాగా వెళ్ళాను. రిసెప్షన్‌లో కార్డు గీకి చూసి, "మీ నెట్‌వర్క్ ఇక్కడ లేదు, క్యాష్ కట్టాలి" అన్నారు. మా ఆఫీసులో ఇంజినీర్ ఒకాయన మాత్రం అదే కంపెనీ కార్డుతో అదే హాస్పిటల్‌లో చూపించుకునేవాడు. అప్పుడు అర్థమైంది, చూడాల్సింది బీమా కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే నెట్‌వర్క్ పేరు. నెట్‌వర్క్ అంటే ఆ కార్డు చెల్లే ఆసుపత్రుల జాబితా. ఒకే బీమా కంపెనీకి అలాంటి జాబితాలు నాలుగైదు ఉంటాయి. జీతాన్ని బట్టి, హోదాని బట్టి ఏ జాబితా అన్నది యజమాని కొంటాడు. పైగా నా పని దుబాయ్‌లో, ఇల్లు షార్జాలో. నా జాబితాలోని క్లినిక్కులన్నీ పని దగ్గరే, ఇంటి దగ్గర ఒక్కటీ లేదు. రాత్రి పూట జ్వరం వస్తే ఏం చేయాలి? ఆ ప్రశ్న అద్దె ఇల్లు వెతికేటప్పుడే వేసుకోవాల్సింది.

దుబాయ్‌లో 2013 నాటి 11వ నంబరు చట్టం ప్రకారం ఉద్యోగికి ఆరోగ్య బీమా తీసుకోవాల్సిన బాధ్యత యజమానిది. ఆ ప్రీమియం ఉద్యోగి జీతంలో కోయకూడదు. అబుదాబిలో అంతకు ముందు నుంచే తప్పనిసరి. షార్జా సహా మిగతా ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. దుబాయ్‌లో తక్కువ జీతాల వాళ్ళకిచ్చే ప్రాథమిక ప్లాన్‌లో ఏడాదికి పరిమితి 1,50,000 దిర్హాములు. ఆ ప్లాన్‌లో ముందు జనరల్ డాక్టర్ చూడాలి, ఆయన రాస్తేనే స్పెషలిస్టు. ఓపీ ఖర్చులో 20 శాతం మన జేబు నుంచి. పెద్ద పరీక్షలకీ, ఆపరేషన్లకీ ముందు బీమా కంపెనీ అనుమతి రావాలి. దాన్ని అప్రూవల్ అంటారు. ఎమర్జెన్సీలో ఆ అనుమతి కోసం ఆగక్కర్లేదు. అంబులెన్సు నంబరు 998. సౌదీలో 997.

క్యాంపుల్లో ఉండేవాళ్ళ సంగతి చెప్పాలి. కార్డు కంపెనీలో వీసా కాగితాలు చూసే పీఆర్వో దగ్గరో, క్యాంప్ బాస్ దగ్గరో ఉండిపోతుంది. "అవసరమైతే ఇస్తాం" అంటారు. అవసరం రాత్రి రెండింటికి వస్తే ఆ పీఆర్వో ఫోన్ ఎత్తడు. దయచేసి ఆ కార్డు రెండు వైపులా ఫొటో తీసి మీ ఫోన్‌లో పెట్టుకోండి, ఇంకో కాపీ ఇంటికి పంపండి. ఇప్పుడు యూఏఈలో చాలాచోట్ల ఎమిరేట్స్ ఐడీ చూపించినా బీమా వివరాలు కనిపిస్తాయి. అయినా నెట్‌వర్క్ పేరు, పాలసీ నంబరు చేతిలో ఉంటే వాదించాల్సిన పని తగ్గుతుంది.

పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ వలస అనుమతి కావాలన్న గుర్తు) ఉంటుంది. వాళ్ళు గల్ఫ్‌లాంటి దేశాలకు పనికి వెళ్ళేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఆసుపత్రి ఖర్చులకూ కొంత ఉంటుంది. యజమాని మారినా పాలసీ చెల్లుతుంది. ఏజెంటు ఈ కాగితం చేతికివ్వకుండా ఎయిర్‌పోర్టుకి పంపిస్తే అడిగి తీసుకోవాలి, దాని కాపీ ఇంట్లో ఉండాలి. మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి ఉంది. ఆదుకునే దిక్కులేని స్థితిలో అత్యవసర వైద్యానికి దాన్నుంచి సాయం అడగవచ్చు. 2015లో మొదలైన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్ళు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

అమెరికా లెక్కలు

అమెరికా పిల్లల తల్లిదండ్రులు మన ఊళ్ళో తక్కువేం లేరు. అక్కడి మాటలు కొన్ని ఇక్కడివాళ్ళకీ తెలియాలి. డిడక్టబుల్ అంటే బీమా చేయి వేయకముందు మనం సొంతంగా పెట్టుకోవాల్సిన మొత్తం. అది 2,000 డాలర్లు అనుకుందాం. ఏడాదిలో మొదటి 2,000 దాకా చాలా చికిత్సలకి బిల్లు మనదే. ఆ తర్వాత బీమా ఎక్కువ భాగం, మనం కొంత భాగం. మన వాటా ఒక గరిష్ఠ పరిమితి దాటితే అక్కడి నుంచి మిగతాదంతా బీమాదే. నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రికి ఒక లెక్క, లేనిదానికి వేరే లెక్క.

అందువల్ల అక్కడ ఊరికి వెళ్ళగానే మూడు చోట్లు చూసుకోవాలి. మామూలు జబ్బులకి నెట్‌వర్క్‌లోని ప్రైమరీ డాక్టరు. కాలు బెణికితే, ఆదివారం జ్వరం వస్తే అర్జెంట్ కేర్. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఆగని రక్తం అయితే ఎమర్జెన్సీ రూమ్. జలుబుకి ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్తే బిల్లు చూసి వచ్చే జ్వరం వేరుగా ఉంటుంది. అలాగని బిల్లుకి భయపడి గుండెనొప్పితో ఇంట్లో కూర్చోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. 1986 నాటి చట్టం ప్రకారం, డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండా ఎమర్జెన్సీలో వచ్చిన మనిషిని పరీక్షించి, స్థిమితపరచాల్సిందే. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇంకో చట్టం వల్ల, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి ఆసుపత్రికి వెళ్ళినా బీమా ఉన్నవాళ్ళకి నెట్‌వర్క్ లెక్కే పడుతుంది. రోడ్డు అంబులెన్సు మాత్రం ఆ చట్టంలోకి రాదు.

బిడ్డ పుడితే 30 రోజుల్లోగా ఆ బిడ్డ పేరు బీమాలో చేర్పించాలి. పురిటి హడావిడిలో ఇది మర్చిపోయేవాళ్ళున్నారు. కూతురి పురుడు పోయడానికి ఇక్కడి నుంచి వెళ్ళే అమ్మలకి బీపీ, షుగరు ఉంటాయి. వాళ్ళకి కొనే విజిటర్ ఇన్సూరెన్సుల్లో ముందు నుంచి ఉన్న జబ్బులకి చాలావరకు రక్షణ ఉండదు, లేదా హఠాత్తుగా ముదిరినప్పుడు మాత్రమే కొంత ఉంటుంది. టికెట్ కొనేముందే పాలసీలో ఆ పేరా చదవాలి. అమ్మకి మందులు కట్టించి పంపడం దానికన్నా ముఖ్యం.

రాత్రి రెండింటికి ఏది?

పగటి జ్వరానికి వెళ్ళే చోటు, రాత్రి గుండెపోటుకి వెళ్ళే చోటు ఒకటి కానక్కర్లేదు. కొత్త ఊళ్ళో ఈ రెండూ విడివిడిగా తెలిసి ఉండాలి. గుండెపోటు వస్తే మూసుకున్న రక్తనాళాన్ని తెరిచే క్యాథ్ ల్యాబ్ రాత్రి పగలు పనిచేసే ఆసుపత్రి కావాలి. రోగి గుమ్మంలోకి వచ్చిన 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది ప్రపంచమంతా గుండె డాక్టర్లు పెట్టుకున్న గురి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సమయం నాలుగున్నర గంటలు, అదీ తల స్కానింగ్ అయ్యాకే. దగ్గర్లో ఉన్న అందమైన చిన్న క్లినిక్‌కి వెళ్ళి, అక్కడి నుంచి ఇంకోచోటికి పంపిస్తే ఆ గంటలు దారిలోనే కరిగిపోతాయి.

ఇక్కడ మనకి ఆటోలో ఎక్కించి తీసుకుపోవడం అలవాటు. 2005 ఆగస్టులో 108 వచ్చాక ఆ నంబరు అందరి నోట్లో నానింది గానీ, ఇప్పటికీ "అది వచ్చేలోగా మనమే తీసుకెళ్ళిపోదాం" అంటాం. బయటి దేశంలో ఆ తొందర వద్దు. చాలాచోట్ల అంబులెన్సు సిబ్బంది దారిలోనే ఈసీజీ తీస్తారు, ఏ ఆసుపత్రిలో ఏముందో వాళ్ళకి తెలుసు, సరైన చోటికి ముందే కబురు పంపుతారు. ఫోన్ చేశాక చెప్పాల్సింది ముందు చిరునామా. మన వాళ్ళు చాలామందికి తాముండే బిల్డింగ్ పేరు తెలుసు, వీధి నంబరు తెలియదు. ఇంటి తలుపు లోపలివైపు ఒక కాగితం మీద పూర్తి చిరునామా, ఎమర్జెన్సీ నంబరు రాసి అంటించండి. రూమ్మేటుకి కూడా పనికొస్తుంది.

ఇంకో మాట మనసులో పెట్టుకోవాలి. ఛాతీలో బరువుగా ఉంటే మనవాళ్ళు మొదట అనేది "గ్యాస్ పట్టేసింది" అని. సోడా తాగుతారు, జీలకర్ర నములుతారు, ఇంకో గంట చూద్దామంటారు. నలభై దాటిన మనిషికి చెమటలతో, ఎడమ చేయి లాగుతూ వచ్చే "గ్యాస్" గుండెదే అనుకుని కదలాలి. ఈ ఒక్క మాట వల్ల పోయిన ప్రాణాలు మన ఊళ్ళోనే చూశాను.

నొప్పికి మన దగ్గర పది మాటలు

తెలుగు డాక్టరు దొరికితే బాగుండునని అందరికీ ఉంటుంది. ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివినవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. మీ నెట్‌వర్క్‌లో అలాంటివారు ఉంటే అదృష్టమే. భాష ఎందుకంత ముఖ్యమో ఒకసారి ఆలోచించండి. తలలో పోటు, పంటి సలుపు, కడుపులో మెలిపెట్టడం, కాళ్ళు పీకడం, నరం లాగడం, అరికాళ్ళ తిమ్మిరి, గుండెల్లో మంట. ఇవన్నీ మనకి వేరువేరు బాధలు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన మనిషి వీటన్నిటికీ పెయిన్ అన్న ఒక్క మాటే వాడతాడు. డాక్టరుకి కావాల్సిన సమాచారమంతా ఆ తేడాలోనే ఉంటుంది. "వేడి చేసింది" అన్నది మరీ చిక్కు. నోట్లో పూతకీ అదే, మూత్రంలో మంటకీ అదే, ముక్కు నుంచి రక్తానికీ అదే. దాన్ని మాటకి మాట ఇంగ్లీషులో చెప్తే ఎదుటి డాక్టరుకి జ్వరం అనిపిస్తుంది. "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే కంటి జబ్బు అనుకుంటారు. అందుకని జబ్బు పేరు మనం పెట్టకుండా, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలా ఉంది, ఏం చేస్తే ఎక్కువవుతోంది అన్నవి విడివిడిగా చెప్పాలి. వేలితో చోటు చూపించాలి.

అమెరికా, బ్రిటన్ ఆసుపత్రుల్లో దుబాసీని అడిగే హక్కు మనకుంది, దానికి డబ్బు తీసుకోరు. తెలుగు అని అడగండి, ఫోన్‌లోనైనా కలుపుతారు. పదేళ్ళ పిల్లాడిని పక్కన పెట్టుకుని అమ్మమ్మ జబ్బు చెప్పించడం ఇద్దరికీ మంచిది కాదు. గల్ఫ్‌లో అయితే నర్సుల్లో చాలామంది కేరళవాళ్ళు. వచ్చీరాని హిందీతోనైనా వాళ్ళకి చెప్పుకుంటే అందుతుంది. ఏ ఆసుపత్రి బాగా చూస్తుందో నాకు నిజంగా చెప్పింది కూడా వాళ్ళే. గూగుల్‌లో నక్షత్రాలు పార్కింగ్‌కీ, రిసెప్షన్ మర్యాదకీ కూడా పడతాయి. ఆసుపత్రుల నాణ్యతకిచ్చే జేసీఐ లాంటి అంతర్జాతీయ గుర్తింపు గోడ మీద ఉంటే మంచిదే, ఉందో లేదో చూడండి. దానికోసం కార్డు చెల్లని చోటికి మాత్రం వెళ్ళకండి.

వెళ్ళేముందు సూట్‌కేసులో

గల్ఫ్ వీసాకి చేసే మెడికల్ మీ ఆరోగ్యం కోసం చేసేది కాదు. ముఖ్యంగా టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి లేవని ఆ దేశానికి చెప్పడానికి చేసేది. అందులో ఫిట్ అని వచ్చినంత మాత్రాన కిడ్నీలు, షుగరు బాగున్నాయని ధీమా పడకూడదు. కవిటి, సోంపేట, మందస, పలాస వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఉద్దానం కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపించదు. అలాంటి ఊరి మనిషి యాభై డిగ్రీల ఎండలో నీళ్ళు తక్కువ తాగి, ఒళ్ళు నొప్పులకి రోజూ పెయిన్ కిల్లర్ వేసుకుంటే కిడ్నీల మీద మూడు వైపుల నుంచీ దెబ్బ. బయల్దేరేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకుని ఆ రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. అక్కడ ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా "మా ఊళ్ళో కిడ్నీ జబ్బులు ఎక్కువ" అని మొదటే చెప్పండి.

రిపోర్టుల్లో అంకెలు దేశాన్ని బట్టి మారతాయి. మన ఫాస్టింగ్ షుగరు 126 ని బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియాల్లో 7 అంటారు. మన అంకెని 18 తో భాగిస్తే వాళ్ళ అంకె వస్తుంది. క్రియాటినిన్ 1.2 ని 106 అంటారు. తెలియనివాళ్ళు ఆ 106 చూసి బెదిరిపోతారు, లేదా షుగరు 7 చూసి బాగా తగ్గిందని మందు మానేస్తారు. జ్వరం 102 అంటే అక్కడ 38.9.

మందుల పేర్లదీ ఇదే గొడవ. మన డోలో అక్కడ ఎవరికీ తెలియదు. పారాసెటమాల్ అనాలి, అమెరికాలో అయితే ఎసిటమినోఫెన్. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు వదిలేసి, కింద చిన్నగా రాసిన మందు పేరు, మిల్లీగ్రాములు ఒక కాగితం మీద రాయించుకుని డాక్టరు చేత సంతకం, ముద్ర వేయించుకోండి. ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్ లాంటివి యూఏఈకి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే జైలు దాకా వెళ్ళే వ్యవహారం. పక్కింటివాళ్ళు "మా అబ్బాయికివ్వండి" అని ఇచ్చిన మందుల పొట్లం విప్పి చూడకుండా పెట్టెలో పెట్టకండి.

చివరగా పేరు. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆధార్‌లో ఒక అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో మొత్తం, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఆసుపత్రిలో ఒకసారి ఇంటిపేరుతో, ఇంకోసారి సొంత పేరుతో నమోదైతే ఒకే మనిషికి రెండు ఫైళ్ళు తయారవుతాయి. ఒక ఫైల్లో పెన్సిలిన్ పడదని ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. ప్రతిచోటా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోవాలి.

మొన్న మా అపార్టుమెంట్‌లో ఒక అమ్మాయి జర్మనీకి బయల్దేరింది. వాళ్ళమ్మ ఊరగాయ సీసాలు సర్దుతుంటే నేను ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చిచ్చాను. రిపోర్టులు, టీకాల కాగితం, మందుల చీటీ, రక్తం గ్రూపు. "దిగిన పది రోజుల్లో నీ ఇంటి డాక్టరు ఎవరో వెతుక్కుని, ఆ తలుపు దాకా ఒకసారి నడిచి వెళ్ళిరా తల్లీ. జబ్బు లేనప్పుడే వెళ్ళు" అన్నాను. సరేనంది గానీ వెళ్తుందన్న నమ్మకం నాకు లేదు. తొమ్మిదో రోజున వాళ్ళమ్మ కిందికి వచ్చి ఫోన్ చూపించింది. క్లినిక్ తలుపు ఫొటో. పక్కన పనివేళల బోర్డు. దాని కింద ఆ అమ్మాయి తెలుగులో టైపు చేసింది: "పేరు నమోదు చేయించుకున్నాను. బుధవారం మధ్యాహ్నం డాక్టరు ఉండరట, అంకుల్‌కి చెప్పు."